తొర్రూరులో నిశ్శబ్దం వెలసిన వైనం

ఒక జాతి నాగరికతలో ఎంత ఎత్తుకు చేరిందో తెలుసుకోవడానికి దాని కోటలను, కావ్యాలను, శాసనాలను తిరగవేయనక్కరలేదు. ఆ జాతి ఇళ్లలో, పాట మొదలుకావడానికి ముందు ఉండే ఆ కాస్త వ్యవధిలో, స్పీకరు నోరు మూసుకుని ఉండగలదా లేదా అన్న ఒక్క సంగతి గమనిస్తే చాలు. ఈ సిద్ధాంతకర్త తొర్రూరులో ఇంటర్మీడియట్ పిల్లలకు తరాల తరబడి భౌతికశాస్త్రం చెప్పి విశ్రాంతి పుచ్చుకున్న అబ్దుల్ బారీ సారు. సిద్ధాంతాన్ని ఆలకించిన విద్వత్సభ ఆయన భార్య మెహరున్నీసా. ఆమె చింతపండులో గింజలు తీస్తూ మొత్తం విని, "స్పీకరు సంగతేమో గాని, జర మీరు నోరు మూసుకుంటే నా నెత్తినొప్పి తగ్గుతది" అన్నది. సిద్ధాంతం అచ్చుకు నోచుకోలేదు.

బారీ సారు కోరినది రాజ్యం కాదు, ఒక గంట. ఆయన దగ్గర ఒక సారంగి ఆలాపన ఉన్నది, గంటసేపు సాగుతుంది. యౌవనంలో గరగరలాడే క్యాసెట్టు మీద, ఉద్యోగకాలంలో పక్కింటి పెళ్లి బ్యాండ్ల మధ్య, దాన్ని ముక్కలు ముక్కలుగా విన్నారు గాని, మొదటినుంచి తుదిదాకా అడ్డం లేకుండా ఎన్నడూ వినలేదు. నిరుడు వరంగల్లులో చెవుల డాక్టరు కాగితం మీద కిందికి జారుతున్న గీతను ఆయనకు చూపించి, "మెల్లమెల్లగ తగ్గుతది సార్. ఆపేటందుకు మందు లేదు" అన్నాడు. లోకంలోని నిశ్శబ్దమంతా ఒకనాడు పిలవకుండానే తన ఇంటికి వస్తుందని ఆ గీతకు అర్థం. అది వచ్చేలోపల, తనకు నచ్చిన నిశ్శబ్దం ఒకటి తానే ఏర్పాటు చేసుకుని, అందులో కూర్చుని ఆ గంటను పూర్తిగా వినాలని సారు నిశ్చయించుకున్నారు. నిశ్చయంలో ఉత్సాహం కంటె అలసట ఎక్కువ. చాలా దూరం నడిచినవాడు అరుగు కనబడితే కూర్చుందామనుకునే తరహా నిశ్చయం అది.

అందుకు తగిన సేనను సమకూర్చారు. ల్యాప్‌టాప్‌లో అంకెలై పడి ఉన్న పాటను నాదంగా మార్చే అగ్గిపెట్టెంత నల్ల డబ్బా ఒకటి. ఆ నాదానికి బలమిచ్చే యాంప్లిఫయరు ఒకటి. టేకు చెక్క ఒంటితో ద్వారపాలకుల వలె నిలబడే స్పీకర్లు రెండు. ఎండాకాలపు సాయంత్రం ఒకనాడు హాలులో ఫ్యాను కింద కుర్చీ వేసుకుని, కళ్లు మూసుకుని, మీట నొక్కారు.

సారంగి కంటె ముందు గుయ్ వచ్చింది.

తుమ్మెద రొదలో కాస్త కవిత్వమైనా ఉంటుంది. ఇది సీసాలో చిక్కిన కందిరీగ. పాటకు ముందు అదే, పాట వెనుక అదే, సారంగి ఊపిరి తీసుకునే చోట మరీ స్పష్టంగా అదే. ఆ వాద్యకారుడు రెండు స్వరాల నడుమ ఎంతో సాధనతో వదిలిన ఖాళీలను ఈ కందిరీగ ఏ సాధనా లేకుండా పూరిస్తున్నది.

సారు కరెంటును విచారణకు పిలిచారు. తొర్రూరు కరెంటు మీద ఆరోపణలకు కొదవ లేదు. రైసుమిల్లు మొదలైతే వోల్టేజి మోకాళ్ల మీద కూర్చుంటుంది. బావుల కాడి మోటార్లు ఒక్కసారి బందయితే లేచి గంతేస్తుంది. వీధి చివర వెల్డింగు దుకాణంలో నిప్పురవ్వ లేస్తే ఇంట్లో బల్బు కన్ను గీటుతుంది. సారు స్టెబిలైజరు తెచ్చారు. వోల్టేజి స్థిరపడింది, గుయ్ కూడా స్థిరపడింది. ప్లగ్గులు తిరగేశారు, తీగలు మార్చారు, డబ్బాను యాంప్లిఫయరుకు దూరంగా జరిపారు, మళ్లీ దగ్గరికి తెచ్చారు. వర్షాకాలమంతా ఈ దౌత్యం సాగింది. చివరకు దసరా వెళ్లాక, గోడలో ఉన్న మూడు రంధ్రాల సాకెట్టును విప్పి చూస్తే అసలు రహస్యం దొరికిందనిపించింది. పై రంధ్రం, అంటే ఎర్తు తీగ ఉండవలసిన రంధ్రం, ఏ తీగా లేకుండా కేవలం అలంకారార్థం ఉన్నది. ఇల్లు కట్టిన నాటినుంచి ఆ ఇంటి కరెంటుకు నేల తగలలేదు.

"నేల తగలని కరెంటు, మెహర్! దారి తెలియక నా స్పీకర్లలో తిరుగుతున్నది" అన్నారు సారు విజయగర్వంతో.

"తిరిగి తిరిగి అదే పోతది. మీరు జర పండుకోండి" అన్నది మెహరున్నీసా.

సోమ్లా అనే ఎలక్ట్రీషియన్ వచ్చి, గేటు పక్కన వేపచెట్టుకు కాస్త ఎడంగా మనిషి లోతు గుంత తవ్వి, అందులో బొగ్గు ఒక వరుస, గల్లుప్పు ఒక వరుస నింపి, నడుమ ఇనుప పైపు నిలబెట్టి, పూడ్చాడు. పైన కాస్త మట్టి మిగిలితే బారెడు దిబ్బగా సర్ది, చుట్టూ ఇటుకలు పేర్చి సున్నం కొట్టాడు. ఎర్తుకు రంగు ఆకుపచ్చ అని శాస్త్రం గనుక పైపుకు ఆకుపచ్చ రంగు వేశాడు. ఆకుపచ్చ తీగను గోడ వెంట మెట్ల కిందున్న మీటరు బోర్డు దాకా నడిపించాడు. "వారానికొక్కసారి బిందెడు నీళ్లు పొయ్యాలె సార్, ఉప్పు గూడ అప్పుడప్పుడు ఎయ్యాలె. ఎండిందంటే ఎర్తు సచ్చినట్టే" అని ఉపదేశించాడు. ఇంతలో భూపాలపల్లి బొగ్గు బాయి దగ్గర కాంట్రాక్టు పని దొరికిందని ఫోను వస్తే, సంచి సర్దుకుని ఆ సాయంత్రం బస్సుకే వెళ్లిపోయాడు.

మరునాడు సారు దంపతులు కొడకండ్లలో చుట్టాల పెళ్లికి వెళ్లి, అక్కడ ఆతిథ్యం, ఆపైన జలుబు పుచ్చుకుని, వారం దాటాక తిరిగి వచ్చారు. అప్పటికి చలి దిగింది, పెట్టెల్లోంచి రజాయిలు బయటికి వచ్చాయి. ఆ రోజు బేస్తవారం. కళాశాలలో ప్రయోగశాల తరగతులు బేస్తవారమే ఉండేవి గనుక నీళ్లకు కూడా ఆ రోజే తగినదని సారు తీర్మానించారు. సాయంత్రం అసర్ నమాజు నుంచి వచ్చి, నెత్తిన టోపీ తీయకుండానే బిందెడు నీళ్లు పైపు మొదట్లో పోసి, రెండు గుప్పిళ్ల ఉప్పు చల్లి, నీరు ఇంకుతున్నదా అని వంగి చూశారు. నడుము పట్టేసింది. లేవలేక, రెండు చేతులు మోకాళ్లకు ఆనించి, కళ్లు మూసుకుని, కాసేపు అట్లాగే ఉండిపోయారు.

లోపలికి వెళ్లి మీట నొక్కితే, ఏమీ వినిపించలేదు.

ఆ ఏమీ లేకపోవడాన్ని ఆయన చాలాసేపు విన్నారు. కళ్లలో నీళ్లు తిరిగాయి. సారంగి మొదలైంది. ఆ ఖాళీలు ఖాళీలుగానే ఉన్నాయి. పావుగంట గడిచిందో లేదో, గేటు చప్పుడైంది.

గోడ అవతలి ఇంటి ఐలమ్మ కొబ్బరికాయతో నిలబడి ఉంది. పక్కన మేక.

"సారూ, ఎవలు పండిరి ఈడ?"

"ఎవరూ లేరు ఐలమ్మా. అది ఎర్తు గుంత. కరెంటు కోసం."

"పేరు బయట వెట్టద్దంటరు లే. నువ్వు మొక్కంగ నేను గోడ మీదికెళ్లి సూసిన. నేను గూడ ఆడికెళ్లే దండం వెట్టిన, మేక కనవడక నిన్నటికెళ్లి పరేషాన్ల ఉన్న. దండం వెట్టి దిగిననో లేదో, ఈ ముండ మీ గేట్ల దూరి ఆయన గద్దెనే నాకుతున్నది! మూగజీవానికి గూడ ఎరుకైంది, సదువుకున్నోనివి, నువ్వు లేదంటవు!"

మేక సున్నపు గట్టు మీద చల్లిన ఉప్పును ఇంకా నాకుతూనే ఉంది. సారు నోరు తెరిచారు. యౌవనంలో ఆయన సైన్సు ప్రచార బృందంతో ఊరూరా తిరిగినవారు. కొత్తగూడ అడవి పల్లెల దాకా నడిచి, నిమ్మకాయలో నెత్తురు తీసి, నిప్పుల మీద నడిచి, ఇందులో మహిమ లేదు నాయనా, రసాయనమే ఉన్నదని చాటి వచ్చినవారు. ఆ ఉపన్యాసం మొత్తం ఇప్పటికీ కంఠస్థం. కాని నడుము నొప్పిగా ఉంది, లోపల సారంగి తనంత తాను సాగిపోతున్నది, ఐలమ్మ కొబ్బరినీళ్లు అప్పుడే పైపు మొదట్లో పోసేస్తున్నది. నీళ్లు పడితే మంచిదే కదా అనిపించింది. ఆయన నోరు మూసుకున్నారు.

ఒక మహిమ పుట్టడానికి ఒక ప్రవక్త, ఒక సాక్షి, ఒక అలసిన మనిషి కావాలి. మూడోవాడు లేకుంటే మొదటి ఇద్దరి వల్లా ఏమీ కాదు.

ఆ శీతాకాలంలో ఉప్పుపీరు కీర్తి బస్టాండు దాకా పాకింది. దిబ్బ కింద పీరు పండుకుని ఉన్నాడని నమ్మి జనం ఉప్పు తెచ్చేవారు కనుక ఆ పేరు. పిల్లలకు జ్వరమని కొందరు, పత్తికి పురుగని కొందరు, అల్లుడికి తాగుడని కొందరు వచ్చేవారు. బేస్తవారం బేస్తవారం బిందెల వరుస గేటు దాటేది. చర్చి వీధి మార్తమ్మ, రిటైరైన నర్సు, ముందే షరతు విడదీసి చెప్పింది. "ప్రార్థన నేను ఏసయ్యకే చేస్త. నీళ్లు మాత్రం ఈడ పోస్త. మోకాళ్లకు మంచిదంటున్నరు."

"వాళ్లు వచ్చుడెందుకు, మీరు చెప్పకపోవుడెందుకు?" అన్నది మెహరున్నీసా ఒకనాడు. "రేపు నలుగురు మనల్ని అడిగితే ఏమని చెప్తం? మనింట్ల పీరు లేడు, పైపున్నదని చెప్పరాదా?"

"మునిసిపాలిటీ నల్లా రోజు విడిచి రోజు వస్తున్నది, మెహర్. గుంతలోకి బిందెడు పోస్తానంటే నువ్వు నన్నే గుంతలోకి తోస్తావు. నా నడుము వంగదు. వాళ్ల నీళ్లే మన ఎర్తు. మన ఎర్తే నా నిశ్శబ్దం."

చెప్పగానే ఆ తర్కంలోని దౌర్భాగ్యం ఆయనకే తెలిసింది. ఎందుకంటే ఆ గంట ఇంకా దక్కలేదు. సారంగి మొదలుపెట్టగానే గేటు మోగేది. ఎవరో ఉప్పు ఎక్కడ పోయాలనేవారు, ఎవరో కొడుకు పరీక్ష నంబరు చెప్పి గుర్తుంచుకొమ్మనేవారు, ఎవరో బయటినుంచే, "సారు లోపట ధ్యానంల ఉన్నడు, గడబిడ చెయ్యకుండ్రి!" అని వీధికంతా వినబడేటట్టు కేకవేసేవారు. నిశ్శబ్దానికి నీళ్లు పోసేవారే దాన్ని తొక్కుకుంటూ లోపలికి వస్తున్నారు. పాట ముప్పావు దాటి ఎన్నడూ పోలేదు. వరంగల్లు కాగితం మీద గీత మాత్రం ఎవరి కోసమూ ఆగకుండా దిగుతున్నట్టే ఉంది; ఫోనులో అవతలివాళ్లు ఈ మధ్య మరీ మెల్లగా మాట్లాడుతున్నారని ఆయన తరచు విసుక్కోసాగారు.

శివరాత్రికి ఇంకా వారముండగా పోశాలు వచ్చాడు. గణేశుని నిమజ్జనానికి, మొహర్రం పీరీల సవారీకి, క్రిస్మస్ ఊరేగింపుకు, మూడింటికీ కమిటీ పోశాలే. కమిటీ లేని చోట ఆయనకు ఊపిరాడదు.

"సారూ, రేపు గాదు, వచ్చే బేస్తారం ఉప్పుపీరుకు ఉర్సు జాతర చేద్దామని అందరం అనుకున్నం. కవ్వాలీ వెడతం. పెద్ద డీజే బాక్సులు, రెండు దిక్కుల రెండు వరుసలు. తెల్లారెదాక ఊరంత దద్దరిల్లాలె."

"బాక్సులా?" అన్నారు సారు నీరసంగా.

"కరెంటుకు నువ్వేం పరేషాన్ గాకు. మీ ఇంట్లకెళ్లే తీసుకుంటం. మీ కరెంటు మంచిగున్నదట కదా, చప్పుడే రాదట!"

ఆ మాటతో బారీ సారులో నిద్రపోతున్న సైన్సు ప్రచారకుడు, ఇష్టం లేకున్నా, కీళ్లు పటపటలాడిస్తూ లేచి కూర్చున్నాడు. నిజం చెప్పక తప్పదు. నిజం కోసం కాకున్నా, ఆ గంట కోసం.

మరునాడే బేస్తవారం. ఎండ ఆ ఏడు తొందరపడి ముందే వచ్చింది. బిందెలతో జనం చేరాక సారు వేపచెట్టు నీడన నిలబడి, తరగతి గదిలో లాగా గొంతు సవరించుకున్నారు.

"అమ్మా, అన్నలారా. ఇక్కడ ఏ మహాత్ముడూ లేడు. ఇది ఇనుప పైపు. దీని కింద బొగ్గు, ఉప్పు ఉన్నాయి. నా పాటల పెట్టెల్లో గుయ్‌మని ఒక రొద వచ్చేది. ఈ పైపునుంచి ఒక తీగ మీటరు దాకా పోతుంది. మీరు పోసిన నీళ్ల తడితో, ఆ తీగ దారిన, నా ఇంటి కరెంటులోని చెడు భూమిలోకి దిగిపోయి, రొద ఆగింది. దీని మహిమ అంతే. తీగ ఉన్నంతవరకే."

జనం ఒకరి మొగం ఒకరు చూసుకున్నారు. "తీగ ఉన్నదంటున్నవు గద సారూ," అన్నది ఐలమ్మ, "ఏదీ, ఏడికి వోతదో జర సూపియ్యి."

ఇంతకంటె గొప్ప ప్రశ్నను బారీ సారు తన ఉద్యోగజీవితంలో ఏ విద్యార్థి నోటా వినలేదు. పొంగిపోయారు. చూపుడువేలు తీగ మీద ఆనించి గోడ వెంట బయలుదేరారు. వెనుక ఐలమ్మ, ఆమె వెనుక పోశాలు, మార్తమ్మ, బిందెలు, మేక. ఊరేగింపు కిటికీ దాటింది, మూల తిరిగింది, వరండా ఎక్కింది, మెట్ల కింద బియ్యం డ్రమ్ము దగ్గర ఆగింది. పోశాలు డ్రమ్మును పక్కకు జరిపాడు.

తీగ మీటరు బోర్డుకు జానెడు దూరంలో ముగిసింది. కొసకు నల్ల టేపు చుట్టి, మిగిలినదాన్ని పొందికగా చుట్టి, మేకుకు తగిలించి ఉంది. అది దేనికీ కలిసి లేదు. ఎన్నడూ కలిసినట్టు కూడా లేదు.

"కలిపేది రేపొచ్చి కలుపుతనన్నడు సోమ్లా," అన్నది వెనుకనుంచి మెహరున్నీసా నెమ్మదిగా. "మనం కొడకండ్ల వోయినం. రాంగనే రొద పోయిందని మీరు ఎగిరితిరి. మనం లేనప్పుడు వచ్చి కలిపిండనుకున్న."

పోశాలు, గొప్ప నిజాన్ని ముందుగా గ్రహించినవాడి వినయంతో, నోరు విప్పాడు.

"అంటే సారూ, తీగ లేకుంటనే బందయిందన్నట్టు."

"తీగ లేకుంటనే!" అన్నది ఐలమ్మ. ఆ మాట వరండా దిగి, గేటు దాటి, వీధిలోకి పోయింది. గడచిన నలభై ఏళ్లలో సైన్సు ప్రచారం ఇంత తిరుగులేని ప్రదర్శన ఇవ్వలేదు. కాకుంటే అది అవతలి పక్షానికి ఇచ్చింది.

సారు వచ్చి హాలులో కుర్చీలో కూలబడ్డారు. లోపల ఏ వాదమూ మిగలలేదు. జనం కూడా వెంటే వచ్చి చాప మీద, గడప మీద, కిటికీ అంచు మీద సర్దుకున్నారు. మెహరున్నీసా ఇంట్లో ఉన్న గ్లాసులన్నిటిలో నీళ్లు తెచ్చి పెట్టింది.

"ఒక్కసారి మాక్కూడ ఇనిపియ్యి సారూ," అన్నాడు పోశాలు. "గా సప్పుడు లేకపోవుడు ఎట్లుంటదో."

సారు చెయ్యి చాచి యాంప్లిఫయరు మీట నొక్కారు. పాట పెట్టలేదు. చిన్న ఎర్ర దీపం వెలిగింది. టేకు ద్వారపాలకులు ఏమీ పలకలేదు.

అందరూ విన్నారు. ఐలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మార్తమ్మ కళ్లు మూసుకుని పెదవులు కదిపింది. మేక కూడా నమలడం ఆపింది. ఆ ఇంట్లో, ఆ వీధిలో, బహుశా ఆ ఊళ్లో, అంతమంది కలిసి అంతసేపు ఊరుకుని ఉండడం అదే మొదలు. కారణం ఏదైనా కానీ, ఇది ఉన్నది. తీగా కాదు, ఉప్పూ కాదు, అయినా ఉన్నది. ఇంకాస్త సేపు వీళ్లు ఇట్లాగే ఉంటే సారంగి పెట్టేయవచ్చు. వీళ్ల నడుమనే, ఈ గంటలోనే, మొదటినుంచి చివరిదాకా వినేయవచ్చు. తన జీవితంలో ఒక్కసారి ఆయన, కారణం అడగకుండా, దేనికో తల వంచారు. వేలు పాట మీదికి పోయింది.

తలుపు దగ్గర నిలబడ్డ మెహరున్నీసా ఆ జనం మొగాల మీద కారుతున్న చెమటను చూసింది. ఇంటికి వచ్చినవాళ్లు ఉక్కలో కూర్చున్నారు. ఆమె గోడ దగ్గరికి నడిచి, మీట వేసి, ఫ్యాను రెగ్యులేటరు రెండు మీదికి తిప్పింది.

గుయ్‌మన్నది.

ఆమె ఉలికిపడి ఫ్యాను ఆపింది. రొద ఆగింది. మళ్లీ వేసింది. మళ్లీ వచ్చింది. మూడు మీదికి తిప్పితే గొంతు మార్చింది. చాప మీది మొగాలన్నీ ఒక్కసారిగా పైకి లేచి, తిరుగుతున్న రెక్కల వైపు చూశాయి.

ఉగాది నుంచి దసరా దాకా ఆ హాలులో ఫ్యాను లేకుండా ఎవరూ కూర్చోరు. కరెంటు పోతే ఫ్యాను, యాంప్లిఫయరు కలిసే ఆగేవి. ఒకటి ఉండగా రెండోది లేకుండా బారీ సారు ఎన్నడూ విని ఎరుగరు. ఒక్కొక్క కారణాన్ని విడదీసి పరీక్షించాలని మాత్రం ప్రతి బేస్తవారం పిల్లలకు చెప్పేవారు.

"చలి వడ్డంక బందు వెట్టిన ఫ్యాను," అన్నది మెహరున్నీసా. "మల్ల ఇయ్యాల్నే ఏసిన."